ఎదురుకాళ్ల పిల్ల, ఏడు పొద్దులు

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి పదకొండు మెట్లు. ఇన్నేళ్లుగా రోజుకి రెండుసార్లు దిగుతున్నదాన్ని, ఆ లెక్క నా కాలికి తెలియదా? తెలియలేదు. మొన్న ఒక పొద్దున చేతిలో కరివేపాకు కట్ట, నోట్లో ఎదురింటావిడతో కబుర్లు, ఈ రెంటి మధ్యా ఆఖరి మెట్టు ఒకటుందన్న సంగతే మరిచిపోయాను. కుడిపాదం లోపలికి మడత పడింది. కరివేపాకు నేలంతా పరుచుకుంది, దాని మీద నేను కూర్చున్నాను. వాచ్‌మన్ ఎల్లయ్య ఉరుక్కుంటూ వచ్చి "అమ్మా, జర పైలం!" అన్నాడు. పడ్డాక ఇంకేం పైలమయ్యా అని కోపమొచ్చింది, వెంటనే నవ్వూ వచ్చింది. వాడి భుజం పట్టుకుని కుంటుకుంటూ లిఫ్టు దాకా నడిచాను. కరివేపాకు మాత్రం వదిలిపెట్టలేదు, ఏరించుకునే పైకెళ్లాను.

ఇంట్లో మా అమ్మాయి కూతురు మేఘన ఉంది. దాని ఆఫీసు మా బాల్కనీలోంచి కనిపిస్తుంది, అయినా వారంలో సగం రోజులు ఇంట్లోంచే పని. ఒకే ఇంట్లో ఉంటాం గానీ, దానితో నేను మాట్లాడేది ఎక్కువగా చేతిసైగలతోనే. నేను గుమ్మంలో నిలబడతాను, అది చెవులకి తగిలించుకున్న యంత్రం తీయకుండానే అరచెయ్యి చూపిస్తుంది. అంటే, కాల్‌లో ఉన్నాను అమ్మమ్మా, ఐదు నిమిషాలు అని. ఆ ఐదు నిమిషాలు సాయంత్రం దాకా అవవు. కానీ ఆ రోజు నా కాలు చూడగానే యంత్రం తీసి మంచం మీద పారేసింది. "అయ్యో, ఇంత వాచిందేంటి!" అని కారు తీసింది. దాని నడుము కూడా నాలుగు రోజులుగా పట్టేసి ఉందట, కారెక్కుతూ "అబ్బా" అంది. ఇద్దరం మూలుగుతూ బయల్దేరాం.

వెళ్లింది రెండు వీధుల అవతలున్న ఫిజియోథెరపీ క్లినిక్‌కి. ఏసీ, అద్దాలు, రంగురంగుల రబ్బరు బంతులు. నాకు మాత్రం ఆ జాగాలోకి అడుగుపెట్టగానే బర్రెల పేడ వాసనే వచ్చింది. ఎందుకంటే ఈ కొండాపూర్ ఇంకా ఊరుగా ఉన్నప్పుడు, నాకు గుర్తున్నంతలో, మా బర్రెల కొట్టం సరిగ్గా అక్కడే ఉండేది. క్లినిక్‌లో ఉన్న అమ్మాయి కోస్తా వైపు పిల్ల, నవ్వుముఖం. నా రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టించి చూసింది. "పడ్డప్పుడు లోపల ఏమైనా చప్పుడైందాండీ?" అంది. లేదన్నాను. "వెంటనే నాలుగడుగులు వేయగలిగారా అండీ?" అంది. లిఫ్టు దాకా నడిచానన్నాను. చీలమండ గుబ్బ వెనక అంచు వెంబడి బొటనవేలితో నొక్కుకుంటూ పోయి, "నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించండి" అంది. అంతే, నాకు పకపకా నవ్వొచ్చేసింది. పాపం ఆ పిల్ల కంగారుపడి "చక్కిలిగింత పెట్టానాండీ?" అంది. కాదమ్మా, మా నాయనమ్మ ఈ జాగాలోనే, ఇవే ప్రశ్నలు, ఇదే వరసలో అడిగేది అంటే నమ్ముతావా అన్నాను. నమ్మలేదు. "ఎముకకేం కాలేదండీ, బెణుకే" అని చెప్పి, కట్టు కట్టి పంపించింది.

మా నాయనమ్మ వైద్యురాలేమీ కాదు. బర్రెలు పితికి, జొన్నరొట్టెలు కాల్చి, ఆకూ వక్కా నములుతూ అరుగు మీద కూర్చునే మామూలు మనిషి. సున్నపు డబ్బీ ఎప్పుడూ ఆమె నడుముకి దోపే ఉండేది. అయితే ఊరంతా ఆమె అరుగు దగ్గరికి రావడానికి కారణం ఆమె కాదు, నేను. నేను కాళ్లు ముందు, తల వెనక పుట్టాను. "అందరు తలకాయతోని వస్తరు, మా పిల్ల వచ్చుడే నిలబడనీకె వచ్చింది" అని నాయనమ్మ గొప్పగా చెప్పేది. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు కాలు ఆనిస్తే పట్టేసిన నడుము వదులుతుందని మా వైపు గట్టి నమ్మకం. అలా ఊహ తెలిసేసరికే నాకు ఊళ్లో పేరూ, పనీ రెండూ వచ్చేశాయి. పేరు ఎదురుకాళ్ల పిల్ల. పని, పొద్దున్నే కాళ్లు కడుక్కుని జనం నడుములు తొక్కడం.

అప్పటి పొద్దులు ఇప్పటికీ నా ముక్కులోనే ఉన్నాయి. మంచుకి తడిసిన గొంగడి వాసన, పొయ్యి మీద మాడుతున్న రొట్టె వాసన, ఎవరో మోకాలికి పట్టించుకొచ్చిన ఆముదం వాసన. వాకిట్లో గొంగడి పరిచి ఉండేది. రాళ్లు కొట్టే లింగయ్యో, పాలక్యాన్లు సైకిలు మీద మోసే మల్లేశో దాని మీద బోర్లా పడుకునేవాళ్లు. నేను పరికిణీ ఎత్తి పట్టుకుని, చన్నీళ్లకి వణుకుతున్న కుడికాలు వాళ్ల నడుము మీద మూడుసార్లు ఆనించేదాన్ని. బరువు మోపకూడదని నాయనమ్మ ఆజ్ఞ. ఆనించీ ఆనించనట్టు ఉండాలి. తొక్కించుకున్నందుకు సీతాఫలమో, బెల్లం ముక్కో చేతిలో పెట్టేవాళ్లు. ఇదంతా ఏడు పొద్దులు జరగాలి, ఒక్క పొద్దు తప్పినా మళ్లీ మొదటికి. ఆ ఏడు దినాలూ బరువెత్తకూడదు, గడ్డపార ముట్టకూడదు. ముడితే పిల్ల కాలు పారదు, అంటే పనిచెయ్యదు. పారదని నాయనమ్మ చెప్తే ఊరంతా ఒప్పుకోవాల్సిందే. బడిలో పంతులుగారు ఎక్కాలు అప్పజెప్పమన్నప్పుడు, రేపు మీ నడుము పట్టకపోతుందా అని మనసులో అనుకునేంత గర్వం నాకు. పదకొండేళ్ల పిల్లకి ఊళ్లో మగాళ్లంతా కాళ్ల కింద పడుకుంటుంటే తలకెక్కదూ మరి?

కానీ నాయనమ్మ చూడకుండా ఎవరూ గొంగడి మీద పడుకోవడానికి లేదు. అది ఆమె కట్టడి. వచ్చిన మనిషిని ముందు అరుగు మీద కూర్చోబెట్టేది. దెబ్బ తగిలిన కాలిని చూసేముందు బాగున్న కాలిని చూసేది. "మంచి కాలును అడగకుంటె చెడ్డ కాలు సంగతి ఎట్ల తెలుస్తది?" అనేది. తర్వాత నాలుగడుగులు నడవమనేది. ఆ తర్వాత నొప్పి చూపించమనేది. అరచెయ్యంతా వేసి రుద్దుకుంటూ "ఈడంత" అంటే కండ పట్టిందనో, నరం గుంజిందనో అనుకునేది. ఒకే ఒక్క వేలు ఒకేచోట గుచ్చి "ఈడ" అంటే మాత్రం నమలడం ఆపేది. ఆ చోట బొటనవేలితో నొక్కి, మనిషి ఎగిరిపడితే "బొక్కది. నా తాన లేదు దీనికి మందు. బొక్కల దవాఖానకు నడువు" అని లేపేసేది. నడుము నొప్పి కాలిలోకి జాలుగా దిగుతోందన్నా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయన్నా అదే మాట. పచ్చి దెబ్బని ఎవరైనా నూనె రాసి పిసికారని తెలిస్తే చాలు, తిట్లే తిట్లు. మొదటి రోజు కుండనీళ్లలో తడిపిన గుడ్డ, కాలు ఎత్తు మీద పెట్టుకుని పడుకోవడం. వాపు తగ్గాకే ఉప్పు కాపడం. "మందు ఎవడన్న ఇస్తడు. ఏమైందో ఎరుకైతెనే అది మందు" అనేది.

కమిలిన దెబ్బని చూసి ఆమె ఎన్నాళ్లదో చెప్పేస్తుంటే భలే సరదాగా ఉండేది. ఒకసారి మల్లేశు తొడ మీద చెయ్యంత మచ్చతో వచ్చాడు, పక్కన భార్య. నిన్న పాలక్యాను తగిలిందన్నాడు. నాయనమ్మ వంగి చూసి, "నిన్నటిదైతె ఎర్రగనో నీలంగనో ఉంటది. ఇది అంచుల పచ్చగయ్యి పసుపు రంగుకు తిరిగింది. వారం దినాలైంది. పోయిన ఆదివారం ఏడికి పోయినవ్ రా?" అంది. పోయిన ఆదివారం కల్లు కాంపౌండుకి పోయానని చెప్పడానికి వాడికి నోరు రాలేదు. చెప్పక్కర్లేకుండానే భార్యకి అర్థమైంది. ఆ దెబ్బకి నా కాలు అవసరం లేకపోయింది, కొత్త దెబ్బకి అవసరమవుతుందేమో అని అందరం నవ్వాం.

ఇలా నవ్వుతూ సాగుతున్న రోజుల్లోనే మా చిన్నాయన సంగతి జరిగింది. ఆయన పేరు కిష్టయ్య, మా నాన్నకి తమ్ముడు. అప్పటికి ఇరవయ్యొకటో ఇరవై రెండో. పోలీసు కానిస్టేబులు కావాలని ఆయన కోరిక. కోరిక అనడం తక్కువ, ఆయనకి అదొక పూనకం. పొద్దున్నే చుక్క ఉండగా లేచి సీతాఫలం చెట్ల మధ్య, బండరాళ్ల దారిలో పరుగెత్తేవాడు. పరుగు పందెంలో నెగ్గితేనే నౌకరి. "పోలీసైనంక నా విజిల్ నీకే ఇస్త బిడ్డా" అని నాకు మాట ఇచ్చాడు. నేను ఆ విజిల్ ఊదుతూ బడికి పోవాలని కలలు కంటున్నాను. సెలక్షన్ ఇంకా ఎనిమిది రోజులుందనగా, నాయనమ్మ శేరిలింగంపల్లిలో మా అత్త పురుటికని వెళ్లింది. సరిగ్గా ఆ మర్నాడే చిన్నాయన బండ మీద కాలు జారి, చీలమండ వాచిపోయి, కుంటుతూ ఇల్లు చేరాడు. అమ్మా నాన్నా చేనుకి పోయారు. ఇంట్లో నేనొక్కదాన్నే.

"బెణికింది, గంతే" అన్నాడు. "అమ్మ వచ్చిందంటె దవాఖాన అంటది. దవాఖాన అంటె సెలక్షన్ గోవిందా. నువ్వు జర తొక్కు బిడ్డా."

నాకు భయం వేసింది. తొక్కడం నా పనే గానీ, చూడటం నాయనమ్మ పని. ఆమె లాగే గొంతు పెట్టి, "ముందుగాల నాలుగడుగులు నడువు చిన్నాయనా" అన్నాను. ఒక అడుగు వేశాడు. రెండోది వేయబోయి గుంజ పట్టుకున్నాడు. ముఖమంతా చెమట. "నువ్వు గూడ ముసలిదానివైనవా ఏంది? తొక్కవే!" అని కసిరాడు. నేను ఊరుకున్నాను. ఎంత లేదన్నా ఊరందరి నడుములూ బాగు చేసిన కాలు కదా, సొంత చిన్నాయనకి పనిచెయ్యకపోతుందా అనుకున్నాను. కాళ్లు కడుక్కొచ్చి మూడుసార్లు ఆనించాను. పళ్లు బిగించి, "తగ్గినట్టే ఉంది" అన్నాడు. అక్కడితో ఆగానా? విజిల్ కళ్ల ముందు మెరుస్తుంటే "రేపు ఉరకొచ్చు" అని తీర్పు కూడా ఇచ్చేశాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆ రోజు మా ఇంట్లో రెండూ జారాయి.

మర్నాడు చీకటితోనే చీలమండకి గుడ్డ బిగించి పరుగుకి పోయాడు. రెండో బండ దాటకుండానే పడిపోయాడు. లింగయ్య వీపు మీద మోసుకొచ్చి అరుగు మీద దించాడు. మధ్యాహ్నానికి కబురందుకుని నాయనమ్మ దిగింది. సంచీ కింద పెట్టకుండానే కొడుకు కాలు చూసింది, తర్వాత మంచి కాలు చూసింది. లేచి నిలబడమంటే నిలబడలేకపోయాడు. నొప్పి ఏదీ అంటే ఒక్క వేలు పెట్టాడు. చీలమండ గుబ్బ వెనక ఆమె బొటనవేలు ఆనగానే ఆయన పెట్టిన కేకకి కొట్టంలో బర్రెలు తలలు తిప్పాయి. "బొక్క" అంది నాయనమ్మ. "ఎప్పుడు పడ్డవ్?" నిన్న పొద్దున్న అన్నాడు. "మరి నిన్నటిసంది ఏం జేసిన్రు?" అంది. చిన్నాయన నా వైపు చూసి, తల దించుకున్నాడు. నా పేరు మాత్రం చెప్పలేదు. ఆ తల దించుకోవడమే నన్ను ఎక్కువ కోసింది.

బొక్కల దవాఖానలో సిమెంటు కట్టు వేసి ఆరు వారాలు కదలొద్దన్నారు. సెలక్షన్ రోజు చిన్నాయన మంచం మీద పడుకుని దూలాలు లెక్కపెట్టాడు. నాకేమో లోపల రాయి పడింది. మంచి చేసే కాలు చెడు కూడా చేస్తుంది కదా, నా కాలే చిన్నాయన బొక్క విరగ్గొట్టింది, ఆయన నౌకరి నేనే తొక్కేశాను అని ఖాయం చేసుకున్నాను. ఆ రోజు నుంచి నేల మీద పాదం పూర్తిగా ఆనించడం మానేశాను. మునివేళ్ల మీద నడిచేదాన్ని. కోడిపిల్లలు ఎదురొస్తే చుట్టూ తిరిగి పోయేదాన్ని. పొద్దున్నే తొక్కమని ఎవరొచ్చినా కడుపునొప్పని గడ్డివాము వెనక దాక్కునేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ప్రాణం పోయినంత పనైంది.

మూడో రోజు నాయనమ్మ నన్ను పట్టుకుంది. "ఏందే, గట్ల నడుస్తున్నవ్? కాలు జూపియ్యి" అని అరుగు మీద కూర్చోబెట్టింది. రోగిని చూసినట్టే నా రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టింది. నొక్కింది, తిప్పింది. "ఏడ నొస్తుంది? ఏలు పెట్టి చూపియ్యి" అంది. వేలు ఎక్కడ పెట్టాలో తెలియక నేను భోరున ఏడ్చేశాను. మొత్తం చెప్పేశాను, విజిల్‌తో సహా. ఆమె నమలడం ఆపి అంతా విన్నది.

"ఓసి పిచ్చిదానా" అంది. "నీ కాళ్లల్ల ఏం లేదే. తగ్గించే బలం లేదు, ఇరగ్గొట్టే బలం లేదు. వాని బొక్క వాడు బండ మీద పడ్డప్పుడే పగిలింది. మల్ల ఉరికి ఇంకింత జేస్కున్నడు."

ఆ ఒక్క మాటతో నా గుండె మీంచి రాయి దిగిపోయింది. దిగినంత సేపు పట్టలేదు, ఇంకో బాధ ఎక్కడానికి. "మరి ఊరందరికి ఎట్ల తగ్గింది?" అన్నాను కోపంగా.

"ఏడు పొద్దులే. పట్టిన కండ, గుంజిన నరం ఏడు దినాలు బరువెత్తకుంటె దానంతటదే మస్తు తగ్గుతది. ఊకె పండుకో అని నేనంటె ఎవడింటడు? నీ కాలు కోసమంటె వస్తరు. వచ్చినోన్ని నేను చూస్త. కండదైతె ఆపుత, బొక్కదైతె దవాఖానకు తోల్త. గంతే." నా చెవి మెల్లగా మెలిపెట్టింది. "తప్పు నీ కాలుది గాదు. నాలుగడుగులు నడువమని అడిగినవు చూడు, అది మంచిగనే జేసినవ్. వాడు నడువకపోయినా ఊకున్నవ్ చూడు, గదీ తప్పు. ఇగ ఏడువకు. రేపు పొద్దుగాల లింగయ్య వస్తడు, కాళ్లు కడుక్కొని రా."

నా కాళ్లలో మహిమ లేదని తెలిశాక కూడా నేను ఊరి నడుములు చాలా ఏళ్లు తొక్కాను. పూర్వపు గర్వం లేదు గానీ, అరుగు పక్కన నిలబడి నాయనమ్మ ఎలా చూస్తుందో చూడటం మొదలుపెట్టాను. చిన్నాయన కాలు చక్కగా అతుక్కుంది. పోలీసు కాలేదు, సిటీ బస్సు కండక్టరయ్యాడు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఇంటికొచ్చి నా చేతిలో విజిల్ పెట్టాడు. "పోలీసుది గాకపోతేంది, దీనికి బస్సే ఆగుతది" అన్నాడు. ఆ విజిల్ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఆయనా ఉన్నాడు, నిజాంపేటలో కొడుకు దగ్గర. నా కాలు బెణికిందని తెలిసి మొన్న ఫోన్ చేసి, పలకరింపు కూడా లేకుండా "ఏం బిడ్డా, ఊరందరిని తొక్కినవ్, ఇగ నీ కాలు ఎవలు తొక్కాలె?" అని ఒకటే నవ్వు. నా నౌకరి తొక్కినదానివి అని యాభై ఏళ్లుగా ఏడిపిస్తూనే ఉన్నాడు. ఇప్పుడు నాకు కోపం రాదు.

ఆ బండలన్నీ ఇప్పుడు అద్దాల మేడలయ్యాయి. బండలు ఉన్నప్పుడే బాగుండేదని నేననను. ఆ రోజుల్లో ఎముక విరిగితే బస్సు కోసం సగం రోజు కాచుకోవాలి, ఇప్పుడు రెండు వీధుల్లో నాలుగు క్లినిక్కులు. కాకపోతే ఒకటి విచిత్రం. అప్పుడు గడ్డపార ఎత్తితే నడుము పట్టేది, ఇప్పుడు ఏమీ ఎత్తకుండానే పడుతోంది. ఇంకోటి, లింగయ్యకి ఏడు పొద్దులు దొరికేవి. మా మేఘనకి ఐదు నిమిషాలు దొరకవు.

క్లినిక్ నుంచి వచ్చిన రాత్రి భోజనాల దగ్గర ఈ కథంతా చెప్పాను. మర్నాడు పొద్దున్నే అది యోగా చాప పట్టుకుని నా గదిలోకి వచ్చింది. "నా నడుము తొక్కు అమ్మమ్మా, సరదాగా" అంది. ఊరికే తొక్కుతానా? ముందు మంచం మీద కూర్చోబెట్టి అడిగాను. నొప్పి కాలిలోకి దిగుతోందా, తిమ్మిరి ఉందా, ఏదీ నడువు చూద్దాం. ఏమీ లేదంది, బాగానే నడిచింది. నొప్పి చూపించమంటే అరచెయ్యంతా వేసి రుద్దుకుంది. హమ్మయ్య, కండే అనుకున్నాను. అది బోర్లా పడుకుంటే, మంచం అంచున కూర్చుని, కట్టు కట్టిన కుడికాలినే దాని నడుముకి మూడుసార్లు ఆనించాను. నా చీలమండ చురుక్కుమంది, దానికి చక్కిలిగింత అయింది.

"ఏడు పొద్దులు రావాలి. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటికి. గంటకోసారి ఆ కుర్చీలోంచి లేచి నడవకపోతే నా కాలు పారదు" అన్నాను.

"అదంతా మీ నాయనమ్మ ఎత్తు అని నువ్వే చెప్పావుగా!" అంది.

"చెప్పాను. అయినా రావాలి."

వచ్చింది. తొక్కడం నిమిషం, తర్వాత చాప మీదే పడి కబుర్లు అరగంట. దాని ఆఫీసులో ఎవరు ఎవరితో మాట్లాడరో, దానికి ఏ కూర నచ్చకపోయినా నాకోసం తింటోందో, అన్నీ ఆ చాప మీదే తెలిశాయి. నాలుగో పొద్దుకి లేచేటప్పుడు "అబ్బా" అనడం మానేసింది. ఏడో పొద్దున మూడుసార్లు కాలు ఆనించి, "అయిపోయిందే, ఇక లే" అన్నాను. చాప చుట్టుకుని వెళ్లిపోయింది. గది ఒక్కసారిగా బోసిపోయింది.

ఎనిమిదో పొద్దున నాకు మెలకువ వచ్చేసరికి మంచం పక్కన చాప పరిచి ఉంది. దాని మీద బోర్లా పడుకుని ఉంది మేఘన.

"తగ్గింది కదే?" అన్నాను.

"ఎప్పుడో తగ్గింది అమ్మమ్మా" అంది. "అయినా తొక్కు."